నేర్చుకోవడానికి ఒక తల

రెండు నెలల కిందట హైదరాబాదులో ఒక కవితా సంపుటి ఆవిష్కరణ సభకి వెళ్ళాను. పుస్తకమంతా పల్లెవృత్తుల మీద. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, సాలె మగ్గం, మంగలి పొది, ఒక్కోదానికి ఒక్కో కవిత. మాట్లాడిన నలుగురిలో ముగ్గురికి గొంతు జీరపోయింది. కులవృత్తులు అంతరించిపోతున్నాయి, వాటితో పాటు ఒక సంస్కృతే పోతోంది అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బయటికొచ్చి టీ తాగుతుంటే నాన్న ఫోను.

"ఆ పిలగాడు మళ్ళీ వచ్చిండురా. రేపట్నుంచి ఊడుస్తా, నీళ్ళు తెస్తా అంటన్నడు. నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపియ్యి."

జూలూరుపాడులో, ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే రోడ్డు మీద, మా నాన్నకి రెండు కుర్చీల కటింగు షాపుంది. రెండో కుర్చీ కొన్నేళ్ళుగా ఖాళీ. దాని మీద పాత పేపర్లు పెడతాడు. ఆ పిల్లాడిది దగ్గర్లోని తండా. పదిహేడేళ్ళు. ఇంటర్లో తప్పాడు. పత్తి ఏరడానికీ మిరపకాయ కోతకీ పోతాడు. పని నేర్పమని ఆర్నెల్లుగా నాన్న చుట్టూ తిరుగుతున్నాడు. నాన్న నేర్పనంటున్నాడు.

వృత్తి చచ్చిపోతోందని సభలో ఏడ్చి వచ్చిన నాకు, ఆ వృత్తి నేర్చుకుంటానని వచ్చినవాణ్ణి "ఏదో ఒకటి చెప్పి పంపించే" పని పడింది. ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. ఈ వ్యాసం ఆ పిల్లాడికి చెప్పలేకపోయిన జవాబు. కాస్త కోపంగా ఉంటుంది, క్షమించండి.

*

ముందు నేనెలా నేర్చుకున్నానో చెప్పాలి. నేను మంగలివాళ్ళ అబ్బాయిని. ఈ మాట రాయడానికి నాకు ఇబ్బంది లేదు. మమ్మల్ని కించపరిచే పేర్లతో పిలవకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది, మంచిదే. కానీ నా పేరు నేను పలుక్కోవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

పదేళ్ళప్పుడు బడి నుంచి రాగానే షాపుకి పోయేవాణ్ణి. మొదటి ఏడాది పనంతా నేల మీదే. రాలిన జుట్టు ఊడవడం, తువ్వాళ్ళు ఉతికి ఆరేయడం, అద్దం తుడవడం. తర్వాత నురగ. గడ్డం మీద బ్రష్షు ఎంతసేపు తిప్పాలో, వెంట్రుక ఎప్పుడు మెత్తబడుతుందో వేళ్ళకే తెలియాలి. తర్వాత బెలూన్. ఊదిన బెలూన్ మీద నురగ రాసి, అది పేలకుండా బ్లేడుతో నురగ తీయాలి. ఎన్ని పేల్చానో లెక్కలేదు. ఆ తర్వాత గానీ మనిషి గడ్డం దగ్గరికి రానివ్వలేదు నాన్న. కంఠముడి దగ్గర చర్మాన్ని ఎడమచేత్తో పక్కకి లాగి, దాన్ని ముడి మీద నుంచి జరిపాకే బ్లేడు పెట్టాలని, ముడి మీద నేరుగా పెడితే తెగుతుందని అప్పుడు తెలిసింది. జుట్టు కత్తిరించడం అన్నిటికన్నా చివర. తల వెనక సుడి ఎటు తిరిగిందో చూడకుండా కత్తెర పెడితే అక్కడ జుట్టు నిక్కి నిలబడుతుంది. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్ళిళ్ళని ఊళ్ళో అంటారు. మాకు మాత్రం రెండు సుడులంటే ఇంకో పది నిమిషాల పని.

"చాకలి కొత్త, మంగలి పాత" అని సామెత. చాకలి కొత్తలో బాగా చేస్తాడు, మంగలి పాతబడ్డ కొద్దీ బాగా చేస్తాడని అర్థం. చాకలివాళ్ళకి అన్యాయం చేసిన సామెతే గానీ, మా పని గురించి మాత్రం నిజం చెప్పింది. ఇది ఏళ్ళ తరబడి నేర్చుకోవాల్సిన విద్య అని ఊరికి ఎప్పట్నుంచో తెలుసు. అయినా ఆ ఊరి భాషలోనే పని లేని మంగలి పిల్లి తల గొరుగుతాడు. సినిమాలో మంగలి వస్తే నవ్వడానికి సిద్ధంగా ఉండాలి. విద్య అని తెలిసీ దానికి విద్యకుండే మర్యాద ఇవ్వలేదు.

నేను ఇంజనీరింగులో చేరాక కత్తెర వదిలేశాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన మొదటి నాలుగు నెలలూ నాకు జీతమిచ్చి మరీ పని నేర్పారు. ఆ మొదటి ఏడాది నేను రాసిన కోడ్ చూస్తే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. ఎన్నిసార్లు సర్వర్ పడిందో! ఎవరూ నన్ను తిట్టి గెంటేయలేదు, ఫ్రెషర్ కదా అన్నారు. మీ తాతముత్తాతలు ప్రోగ్రామర్లేనా అని ఎవరూ అడగలేదు. తప్పులు చెయ్యడానికి నాకు జీతంతో కూడిన ఏడాది గడువు దొరికింది. ఆ తండా పిల్లాడు అడుగుతున్నది అందులో సగం కూడా కాదు. జీతం లేకుండానే గడువు ఇమ్మంటున్నాడు.

*

నాన్నని అడిగాను, ఎందుకు నేర్పవని.

"మనోళ్ళకే బేరాల్లేవు. ఇయ్యాల వీడికి నేర్పితే రేపు ఎదురుగానే షాపు పెడతడు. సంఘమోళ్ళు నన్ను ఊకుంటరా? మన పని మనకి కాకుండా పోద్ది."

"నీ తర్వాత ఆ కుర్చీ ఎవరిది నాన్నా?"

నాన్న మాట్లాడలేదు. ఫోన్లో ఫ్యాను చప్పుడు వినిపించింది.

నాన్న భయాన్ని నేను తీసిపారేయను. మా వాళ్ళకి భూమి లేదు. పంటకి పంట గింజలు కొలిచి ఇచ్చే మేర పోయింది. పెళ్ళికి సన్నాయి ఊదితే వచ్చేది డీజే పట్టుకుపోయింది. పురుడు పోసిన మా నాయనమ్మలాంటి వాళ్ళ చేతి నేర్పు ఆసుపత్రి వచ్చాక ఎవరికీ అక్కర్లేకపోయింది. మిగిలింది కత్తెర ఒక్కటే. తెలంగాణలో నాయీబ్రాహ్మణుల సెలూన్లకి 2021 ఏప్రిల్ నుంచి నెలకి 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. మా షాపుకి అది నిజంగా ఆసరా. అన్నీ పోయాక మిగిలిన ఒక్కదాన్ని గట్టిగా పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నావేం అని అడిగే హక్కు, చదువుకుని బయటపడ్డ నాకు తక్కువ.

కానీ ఈ పని ఇప్పటికే మా చేతుల్లోంచి పోతోంది. తీసుకుపోతున్నది తండా పిల్లాడు కాదు. కొత్తగూడెంలో, ఖమ్మంలో ఏసీ సెలూన్లు వచ్చాయి. వాటి యజమానులు ఏ కులంవాళ్ళయినా కావచ్చు, కత్తెర పట్టడం రానక్కర్లేదు, డబ్బుంటే చాలు. వాళ్ళ దగ్గర మా కులంవాళ్ళే జీతానికి పనిచేస్తారు. డబ్బు పెట్టి వచ్చినవాణ్ణి నీ కులమేంటని మేం అడగలేకపోయాం. అడిగినా వాడు ఆగడు. చేతులు తప్ప ఇంకేమీ లేకుండా వచ్చినవాణ్ణి మాత్రం అడిగాం. మా తలుపు పెట్టుబడిని ఆపలేక, పేదవాణ్ణి ఆపుతోంది. ఇది మా వృత్తిని కాపాడుకోవడం ఎలా అవుతుంది?

ఇంకో మాట కూడా చెప్పకపోతే నేను నిజాయితీపరుణ్ణి కాను. మా తాత పొది పట్టుకుని మాదిగపల్లెకి ఏనాడూ పోలేదు. ఊరు పోనివ్వలేదు, ఆయనా పోతాననలేదు. అంబేద్కర్ "వీసా కోసం నిరీక్షణ"లో తన చిన్నతనం గురించి రాశారు. సతారాలో మంగళ్ళు ఎందరో ఉన్నా అంటరానివాళ్ళని ముట్టుకునేవాడు ఒక్కడూ లేడు. ఇంట్లో మగపిల్లలకి జుట్టు కత్తిరించింది వాళ్ళ అక్క. తమ్ముళ్ళ తలల మీదే సాధన చేసి ఆరితేరింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ అమ్మాయికి గురువు లేడు, షాపు లేదు, నేర్చుకోవడానికి దొరికినవి తమ్ముళ్ళ తలలు. సేవ నిరాకరించడం 1955 పౌరహక్కుల చట్టం కింద నేరమయింది. పని నేర్పనంటే మాత్రం ఏ చట్టం కిందా నేరం కాదు. కుర్చీలో కూర్చునే హక్కు గురించి ఆలోచించాం గానీ, కుర్చీ వెనక నిలబడే హక్కు సంగతి ఎవరికీ తట్టలేదు.

*

నాన్న కాదన్నాక నేనే వెతకడం మొదలుపెట్టాను. హైదరాబాదులో రెండు అకాడమీలకి ఫోను చేశాను. ఫీజు లక్ష దాటింది, హాస్టలు వేరే. ఒక సెలూన్‌ మేనేజర్ని అడిగితే "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అన్నాడు. నేర్చుకోవడానికే అన్నాను. "అయితే హెల్పర్‌గా పంపండి. పడుకోవడానికి చోటిస్తాం. కత్తెర సంగతి తర్వాత చూద్దాం." తర్వాత అంటే ఎప్పుడో ఆయన చెప్పలేదు. ఐటిఐల్లో కాస్మెటాలజీ అని ఏడాది ట్రేడు ఉంది. బ్యూటీ పార్లర్ పని అందులో ముఖ్యం. జూలూరుపాడు రోడ్డు మీద గడ్డాలు గీయాలనుకునే కుర్రాడి ఊహలో ఉన్నది అది కాదు.

ఇక చట్టాల్లోకి వెళ్ళాను. ప్రోగ్రామర్ని కదా, కోడ్ ఎక్కడ తప్పిందో చూద్దామనిపించింది.

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళు అప్రెంటిస్‌గా చేరొచ్చు, స్టైపెండు ఇవ్వాలి. బావుంది. కానీ 2019లో సడలించిన నిబంధనల ప్రకారం కూడా, ముప్పై మంది పైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లని తప్పనిసరిగా పెట్టుకోవాలి, నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉంటే వాళ్ళ ఇష్టం. నలుగురి కన్నా తక్కువైతే లెక్కలోకే రారు. మా నాన్న షాపులో పనిచేసేది మా నాన్న. ఈ పని అసలు ఎక్కడ జరుగుతుందో, ఎక్కడ తరతరాలుగా నేర్చుకున్నారో ఆ షాపు చట్టం కంటికి ఆనదు.

బాలకార్మిక చట్టం చూశాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పని చేయించకూడదు. అలాగే ఉండాలి. కానీ 1986 చట్టంలోనూ 2016 సవరణలోనూ ఒక మినహాయింపు ఉంది. బడి అయ్యాక, సెలవుల్లో, పిల్లలు తమ కుటుంబం నడిపే పనిలో సాయం చెయ్యొచ్చు. అందుకే పదేళ్ళకి నేను షాపులో ఉన్నా ఎవరూ అడగలేదు. పదిహేడేళ్ళకి ఆ పిల్లాడు వచ్చేసరికి నాకు చేతిలో ఏడేళ్ళ పనితనం ఉంది, వాడికి సున్నా. ఆ ఏడేళ్ళూ నాకిచ్చింది పుట్టుక. చట్టం అడ్డుపడకుండా పక్కకి తప్పుకుంది.

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. పద్దెనిమిది వృత్తుల్లో మంగలి పని ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకి 500 రూపాయల భత్యం, పరికరాలకి 15,000, తర్వాత తక్కువ వడ్డీకి అప్పు. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ ఇది అప్పటికే ఆ పని చేస్తున్నవాళ్ళకి. గురుశిష్య పరంపరనీ, కుటుంబ వారసత్వంగా వచ్చే వృత్తినీ బలపరచడం దాని లక్ష్యమని పథకం తనే చెప్పుకుంటుంది. వారం రోజుల శిక్షణ సరిపోతుందని ఎందుకనుకున్నారు? మిగతా ఏడేళ్ళూ ఇంట్లోనే గడిచి ఉంటాయన్న ధీమాతో. ఆ ఇంట్లో పుట్టనివాడి గురించి అందులో ఒక్క మాట లేదు. ఈ పథకాన్ని ఇప్పుడున్న రూపంలో అమలు చెయ్యలేమని 2024 నవంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి రాశారు. కుటుంబ వృత్తి అన్న షరతు తీసెయ్యమనీ, నేర్చుకోవాలనుకున్న ఎవరికైనా అవకాశం ఇవ్వమనీ తమిళనాడు అడిగింది. తమిళులకి ఇది అంత త్వరగా ఎందుకు గుర్తుపట్టొచ్చిందంటే, పూట బడి, పూట తండ్రి వృత్తి అంటూ 1953లో రాజాజీ తెచ్చిన చదువు వాళ్ళకి గుర్తుంది. కులవిద్య పథకమని పేరుపెట్టి కొట్లాడి మరుసటి ఏడాదికల్లా రద్దు చేయించుకున్నారు. మన దగ్గర ఆ చర్చ ఎక్కడ జరిగింది? ఏ సాహిత్య సభలో?

*

అందుకే మళ్ళీ సభ దగ్గరికే వస్తున్నాను.

గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ప్రపంచీకరణ చేతివృత్తుల్ని ఎలా మింగిందో ఆ పాట మా ఊరికి చెప్పినట్టు ఏ ఆర్థికశాస్త్రమూ చెప్పలేదు. నా గొడవ ఆ పాటతో కాదు. ఆ తర్వాత ఆ దుఃఖాన్నే అచ్చు పోసినట్టు దించుతూ వచ్చిన కవిత్వంతో. ఆ కవితల్లో మంగలి కత్తి ఎప్పుడూ తుప్పు పట్టే ఉంటుంది. దాన్ని పట్టినవాడు ఎప్పుడూ ముసలివాడే. వాడి కొడుకు పట్నం పోయి ఉంటాడు, పోయినందుకు కవి బాధపడతాడు. ఆ కొడుకుని నేనే కాబట్టి అడుగుతున్నాను, నేను పోకుండా ఉండాల్సిందా? మీ పిల్లల్ని అమెరికా పంపించి నన్ను జూలూరుపాడులో ఉంచితే మీ కవిత సంతోషిస్తుందా?

పోయినందుకు ఏడవడం తేలిక. ఆ చోటికి ఎవరు రావాలి అని అడగడమే కష్టం. అడిగితే కులం మాట వస్తుంది. మనం కులాన్ని తిడుతూ, "కులవృత్తి" అన్న మాటలో మాత్రం కులాన్ని పూలమాల వేసి కూర్చోబెట్టాం. వృత్తి పోవడం వేరు, వృత్తికి అంటుకున్న కులం పోవడం వేరు. మొదటిదానికి ఏడుద్దాం, రెండోదానికి పండగ చేసుకోవాలి. మన సాహిత్యం రెండిటినీ ఒకే పాడె మీద మోస్తోంది.

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. జర్మనీలో పాతకాలంలో మంగళ్ళు, స్నానశాలల వాళ్ళు, సన్నాయిలాంటి వాద్యాలు ఊదేవాళ్ళు మర్యాద తక్కువ జనం. వాళ్ళ పిల్లల్ని మిగతా వృత్తి సంఘాలు శిష్యులుగా చేర్చుకునేవి కావు. మా కులం పనుల జాబితా జర్మన్‌లో చదువుతున్నట్టే ఉంటుంది. ఇలా వెలివేయడం కుదరదని 1548లో, మళ్ళీ 1577లో సామ్రాజ్య శాసనాలు చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెబితే వినలేదనే కదా రెండోసారి చెప్పింది! ఇవాళ అదే దేశంలో క్షురవృత్తి మూడేళ్ళ అప్రెంటిస్‌షిప్. ఒప్పందం రాసుకుంటారు, షాపులో పని, వృత్తి బడిలో చదువు, నెలనెలా డబ్బు, చివర పరీక్ష. నీ తండ్రి ఎవరని ఆ ఒప్పందంలో గడి ఉండదు. అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. ఆ వృత్తికి గౌరవం కవిత్వం రాస్తే రాలేదు, కాగితం మీద నియమం రాస్తే వచ్చింది, అంతే నేను చెప్పేది.

మనకీ అలాంటి కాగితం ఒకటి కావాలి. రెండు కుర్చీల షాపుకి కూడా ఒక అప్రెంటిస్‌ని పెట్టుకునే వీలు చట్టంలో ఉండాలి. స్టైపెండు ఆ షాపు ఇవ్వలేదు, ప్రభుత్వం ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యం, నేర్పినవాడికి జీతమివ్వాలి. మా నాన్న చేతిలో నలభై ఏళ్ళ విద్య ఉంది. దాన్ని ఉచితంగా పరాయివాడికి ధారపొయ్యమంటే ఆయనకి దోపిడీలాగే కనపడుతుంది, నిజానికి అది దోపిడీయే. నేర్పినందుకు ఏడాదికింత అని ఆయన ఖాతాలో పడితే, ఆ తండా పిల్లాడు రేపటి పోటీదారుగా కాక శిష్యుడిగా కనపడతాడు. మావాళ్ళకిస్తున్న కరెంటు రాయితీ తియ్యొద్దు. దానికి తోడు ఇది ఇవ్వండి. సంఘాలు పోరాడాల్సింది ఆ పిల్లాడితో కాదు, దీనికోసం.

అది పిల్లల వెట్టి అవుతుందని కొందరంటారు. వెట్టి ఇప్పుడు జరుగుతోంది. కత్తెర ఇవ్వకుండా చీపురిచ్చి సెలూన్ నేల మీద పడుకోబెడుతున్నారే, అది. గడువు, డబ్బు, నేర్పాల్సిన పనుల పట్టిక కాగితం మీద ఉంటే అది చదువవుతుంది.

*

పోయిన నెల ఊరికి వెళ్ళాను. ఆ పిల్లాడు షాపు ముందు వేపచెట్టు కింద ఉన్నాడు. మాట వరసకి నాన్నతో అన్నాను, కనీసం ఒకసారి చెయ్యి చూడమని.

"తల ఎవడిస్తడు? నేర్చుకునేటోడి చేతికి ఎవడూ తల ఇయ్యడు."

పేపర్లు తీసి రెండో కుర్చీలో నేను కూర్చున్నాను. నాన్న తిట్టాడు. తర్వాత మొహం తిప్పుకుని తన బేరం చూసుకున్నాడు. పిల్లాడి చేతులు వణుకుతున్నాయి. దువ్వెన కింద కత్తెర నిలవట్లేదు. రెండు నిమిషాలు చూసీ చూడనట్టున్న నాన్న ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏయ్, కత్తెరని ఎందుకట్ల తిప్పుతవ్? దువ్వెన కదలాలె, కత్తెర దాని ఎనకాల్నే పోవాలె. చెవి మడువు ముందు, మడువు. ఆ, ఇప్పుడు పెట్టు."

పదేళ్ళప్పుడు నాతో అన్న మాటలే, ఒక్కటీ మారలేదు. అరగంట నాన్న ఆ పిల్లాడి మణికట్టు వదల్లేదు. చెవి వెనక చిన్నగా తెగింది, నాన్నే పటిక రాశాడు. వెనక జుట్టు మెట్లు మెట్లుగా వచ్చింది. ఆఫీసులో ఎక్కడ చేయించావని అడిగితే మా ఊళ్ళో అన్నాను.

రాత్రి అన్నాలు తినేటప్పుడు నాన్న అన్నాడు, "నేర్పిన్నని ఎవరికీ చెప్పకు."

దొంగతనం చేసినవాడు అనే మాట అది. నలభై ఏళ్ళ విద్యని ఒక పేదపిల్లాడి చేతిలో అరగంట పెట్టినందుకు మా నాన్న ఆ మాట అనాల్సి వచ్చింది. పల్లెవృత్తుల మీద వచ్చే సంపుటికి ముందుమాట రాయబోయే పెద్దలు ఈ సంగతి కూడా కాస్త రాయండి. నాన్న వెబ్ పత్రికలు చదవడు. మీరు చదువుతారు కాబట్టి మీకు చెప్పాను.